బొటనవేలి కింద పేరు

కాఫీ గింజలు మరలో పోసి, మరను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని హెల్మీ రౌతియో నిదానంగా పిడి తిప్పుతోంది. తొందరపడితే పొడి వేడెక్కి చేదవుతుంది. తొందరపడవలసిన అవసరం కూడా ఇవాళ లేదు. రావలసిన మనిషి ఎలాగూ వస్తాడు. ఏడు రోజులుగా కన్ను మూతపడనివాడు ఇంకెక్కడికి పోతాడు?

పోయిన వారం మనం ఈ వంటింటిని వదిలి వెళ్ళేసరికి హెల్మీ ఒక ఉత్తరం రాసి తపాలా పెట్టెలో వేసి వచ్చింది. అందులో ఉన్నవి రెండే వాక్యాలు. "గాజు బుడ్డి నా దగ్గర ఉంది. ఏడో నోటుపుస్తకం తెచ్చి తీసుకువెళ్ళండి." ఆ ఉత్తరం అందుకున్నవాడు డాక్టర్ ఎల్స్‌వర్త్ పైక్. గల్ పాయింట్‌లో రాగి గని మూతపడ్డాక ఖాళీగా పడి ఉన్న ఇంజను షెడ్డులో నిద్రశాల పెట్టినవాడు. మనుషులు ఎలా నిద్రపోతారో చూస్తామని ఊళ్ళోవాళ్ళకు చెప్పాడు. చూసింది తక్కువ, తీసింది ఎక్కువ. ఒకరి తలలోని నిద్రను లాగి, గాజు బుడ్డిలో పట్టి, ఇంకొకరి తలలోకి దించే యంత్రం ఆ షెడ్డులో ఉంది. పూర్తిగా లాగించుకున్నవాడికి ఇక జన్మలో నిద్ర ఉండదు. హెల్మీ తమ్ముడు ఆర్వోకు అలా పంతొమ్మిది రోజులు నిద్ర లేదు. ఇరవయ్యో రోజున అతనికి దాని అవసరం లేకపోయింది. గుండె ఆగిందని కాగితం మీద రాసి ఇచ్చారు.

ఆర్వోను అక్కడికి తీసుకువెళ్ళింది హెల్మీయే. పద్నాలుగేళ్ళుగా ఆ నిద్రశాలలో గాజు సామాను కడుగుతోంది ఆమె. "పడుకోవడమే పని రా. నీకంటే బాగా ఎవరు చేస్తారు?" అంది. ఊళ్ళో ఆ మాట కాదనేవాళ్ళు లేరు. ఆర్వో గనిలోకి దిగే బోనులో నిలబడి నిద్రపోయేవాడు. చర్చిలో కళ్ళు తెరిచి నిద్రపోయేవాడు. ఒకసారి పంటి వైద్యుడి కుర్చీలో నిద్రపోతే, పన్ను పీకడం అయిపోయాక లేపవలసి వచ్చింది.

అతన్ని పూడ్చిన రోజు సాయంత్రం హెల్మీ మామూలుగా పనిలోకి వెళ్ళింది. యంత్రానికి ప్రాణం లాంటి ఆ గాజు బుడ్డిని కడిగి, తుడిచి, ఉన్ని శాలువలో చుట్టి ఇంటికి తెచ్చుకుంది. దాన్ని ఊది తయారు చేసిన ముసలాయన ఎప్పుడో పోయాడు. అలాంటిది లోకంలో ఇంకొకటి లేదు. గోతిలో పిడికెడు మట్టి వేస్తూ ఆమె తనలో తాను ఒక మాట అనుకుంది. వీడి నిద్ర ఎవడి తలలో ఉందో కనుక్కుంటాను. ఆ ఎవడో కూడా పంతొమ్మిది రోజులు మేలుకుని చస్తాడు. ఆ పేరు ఏడో నోటుపుస్తకంలో ఉంది.

"మీ ఫిన్లండ్ వాళ్ళు ఒక కప్పు కాఫీ పెట్టేలోపు మా వాళ్ళు ఒక గని తవ్వేస్తారు," అన్నాడు కిటికీ దగ్గర కూర్చున్న క్లైడ్ ట్రెంబాత్.

"తవ్వి ఏం చేశారు? మూసేశారు. నోరు మూసుకుని రొట్టె తిను," అంది హెల్మీ.

ట్రెంబాత్ నవ్వి, యాలకుల రొట్టె ఇంకో ముక్క తుంచుకున్నాడు. జిల్లా షెరీఫు దగ్గర డిటెక్టివు. బళ్ళో ఆర్వోకు రెండు తరగతుల కింద చదివాడు. నిద్రను దొంగిలించారని ఆమె ఫిర్యాదు ఇస్తే ఆఫీసులో అందరూ నవ్వారు. నవ్వకుండా కాగితం తీసుకున్నవాడు ఇతనొక్కడే. నవంబరు నుంచి ప్రతి శనివారమూ వస్తున్నాడు. కేసు గురించి రెండు మాటలు మాట్లాడి, ఆమె కట్టెలన్నీ చీల్చి, గోడ వారన పేర్చి వెళ్ళేవాడు. ఆర్వో పోయాక ఆ ఇంట్లో మగగొంతు వినిపించింది అతనిదే. హెల్మీ ఎప్పుడూ పైకి అనలేదు గాని, అతనొచ్చే రోజున పిండి ఎక్కువ కలుపుతుంది.

"ఒకవేళ పుస్తకం తేకపోతే?"

"తెస్తాడు. తేకుండా బుడ్డి ఇవ్వనని తెలుసు."

"పేరు తెలిశాక ఏం చేస్తారు మీరు? నేనడిగేది పోలీసుగా కాదు."

"పోలీసుగా కాకపోతే ఎందుకు అడగడం? పోలీసుగా అడుగు, అబద్ధం చెప్తాను."

ట్రెంబాత్ కిటికీలోంచి రోడ్డువైపు చూశాడు.

పన్నెండో తారీకు, ఫిబ్రవరి, ఆదివారం. సరస్సు అఖాతం ఒడ్డు నుంచి ఒడ్డుదాకా గడ్డకట్టి ఉంది. దాని మీద, మంచుకు కన్నాలు తొలిచి చేపలు పట్టేవాళ్ళ గుడిసెలు అగ్గిపెట్టెల్లా కనబడుతున్నాయి. రోడ్డు మీద ఒక మనిషి నడిచి వస్తున్నాడు. నాలుగడుగులు వేస్తాడు, ఆగుతాడు, పక్కన ఎవరో ఉన్నట్టు తల తిప్పి ఏదో అంటాడు, మళ్ళీ నడుస్తాడు.

హెల్మీ ఆ నడకను గుర్తుపట్టింది. ఆర్వో ఏడో రోజున సరిగ్గా అలాగే నడిచాడు. నాలుగో రోజు చేతులు వణుకుతాయి. ఆరో రోజు చీమలు కనబడతాయి. ఏడో రోజు పక్కన ఎవరో నడుస్తారు. తొమ్మిదో రోజు చచ్చిపోయినవాళ్ళను పేరు పెట్టి పిలుస్తారు. పంతొమ్మిది రోజులనూ ఆమె పంతొమ్మిది మెట్లలాగా ఎరుగును. శత్రువు ఏడో మెట్టు మీద నిలబడి ఉండగా చూడటం ఆమెకు ఎంతో హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గు కూడా కలగలేదు.

తలుపు తెరిచి పక్కకు నిలబడింది. "రండి డాక్టరుగారూ. బూట్లు అక్కడ విప్పండి."

పైక్ పొడవాటి మనిషి. ఇప్పుడు ఆ పొడవంతా వంగిపోయింది. కళ్ళు ఎర్రగా లేవు, తెల్లగా, ఉడికిన గుడ్డులా ఉన్నాయి. చంకలో నల్ల అట్ట పుస్తకం. పదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ నిద్రను కొంచెం కొంచెంగా తీసి తాను వాడుకుంటూ రాత్రింబవళ్ళు పని చేశాడు. వాడని కాలు చిక్కిపోయినట్టు అతని సొంత నిద్ర చిక్కి చిక్కి లేకుండా పోయింది. అక్టోబరులో బుడ్డి పోయాక, జాడీల్లో దాచుకున్న పాత నిద్రతో నెట్టుకొచ్చాడు. వారం కిందట ఆఖరి జాడీ కూడా ఖాళీ అయింది.

ట్రెంబాత్‌ను చూసి గుమ్మంలోనే ఆగాడు. "ఇతనెందుకు ఇక్కడ?"

"సాక్షి," అంది హెల్మీ. "మీ పుస్తకాల్లో ప్రతి పేజీ కిందా సాక్షి సంతకం ఉంటుందిగా. నాకూ ఆ అలవాటు పట్టుకుంది."

ఆమె అతనికి పొయ్యి పక్క కుర్చీ చూపించింది. ఆ కుర్చీలో ఆర్వో తలగడ పెట్టి ఉంది. మెత్తగా, ఎండబెట్టి, గలీబు మార్చి. "వెచ్చగా ఉంటుంది. నిద్రొస్తే మొహమాటపడకండి."

పైక్ ఆ తలగడను చూసి, కూర్చోకుండా నిలబడే ఉన్నాడు. "నీకు వెటకారం నప్పదు, గ్లాసులమ్మాయ్."

పద్నాలుగేళ్ళూ అతను ఆమెను పేరు పెట్టి పిలవలేదు. ఆమెకు నలభై నాలుగేళ్ళు వచ్చినా గ్లాసులమ్మాయే.

"బుడ్డి చూపించు ముందు," అన్నాడు.

హెల్మీ కొట్టులోకి వెళ్ళి పిండి బస్తాలోంచి శాలువ మూటను తీసుకొచ్చి బల్ల మీద పెట్టి విప్పింది. గుమ్మడికాయంత గాజు బుడ్డి. మూడు మెడలు. వెలుతురు పడితే లోపల ఏమీ లేకపోయినా ఏదో కదులుతున్నట్టుంటుంది. పైక్ చేయి దానంతట అదే ముందుకు వచ్చింది. హెల్మీ పొయ్యిలోని ఇనుప కడ్డీని తీసి బుడ్డి పక్కన పెట్టింది. పడవేయలేదు, నెమ్మదిగా పెట్టింది. ఆ చేయి వెనక్కి పోయింది.

"పుస్తకం."

"చెప్తాను. పేరు చెప్తే చాలుగా? పుస్తకం నాది. అందులో మూడేళ్ళ పని ఉంది."

"నేను విననక్కర్లేదు. చదువుతాను."

పైక్ నిట్టూర్చి, నల్ల అట్ట పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, ఆకులు తిప్పాడు. ఎంత వణుకుతున్నా ఆ చేతులు ఆకులను మాత్రం మూల నలక్కుండా తిప్పాయి. నూట పన్నెండో పేజీ దగ్గర ఆపి, పుస్తకాన్ని ఎత్తి రెండు చేతులతో పట్టుకుని వాళ్ళవైపు తిప్పాడు. పసిపిల్లలకు బొమ్మ చూపించినట్టుగా.

"చదువుకో."

హెల్మీ చదివింది. అక్టోబరు మూడో తారీకు. ఇచ్చినవాడు: ఆర్వో రౌతియో, ముప్పై అయిదేళ్ళు. నిద్ర స్వభావం: లోతైనది, తెరిపి లేనిది, ఇంతవరకు చూసినవాటిలో శ్రేష్ఠం. ఆ మాట దగ్గర ఆమె కళ్ళు ఆగిపోయాయి. శ్రేష్ఠమట. సంతలో ఆవుకు చెప్పినట్టు. తరువాత పంక్తి. పుచ్చుకున్నవారు: ఆ పక్కన పైక్ బొటనవేలు. వేలికి పైన, ఇరుకు సందులో రాసి ఉంది. ఐరిస్ హోల్కమ్.

డాక్టర్ ఐరిస్ హోల్కమ్ పైక్‌కు తోడు పని చేసిన మనిషి. నవంబరులో ఎవరికీ చెప్పకుండా సరస్సు దాటి కెనడా వెళ్ళిపోయింది.

"చూశావుగా," అన్నాడు పైక్. "నీ తమ్ముడి నిద్ర తీసుకుని ఆవిడ చల్లగా జారుకుంది. నన్ను ఇలా వదిలేసి. ఇద్దరం మోసపోయినవాళ్ళమే, హెల్మీ. వెళ్ళి పట్టుకో ఆవిణ్ణి. కావలిస్తే చిరునామా నేనిస్తాను."

ఆమె పేరును అతను పలకడం అదే మొదటిసారి. హెల్మీ చూపు మళ్ళీ ఆ పంక్తి మీదికి పోయింది. ఐరిస్ హోల్కమ్. రోజూ ఉదయం తలుపు దగ్గర తనను పలకరించిన మనిషి. తమ్ముడు పోయినప్పుడు చేయి పట్టుకుని కూర్చున్న మనిషి. కోపం గొంతు దాకా వచ్చింది. ఇన్నాళ్ళూ మొహం లేని కోపం అది. ఇప్పుడు దానికి మొహం దొరికింది.

"ఆ తేదీ ఏమిటి?" అన్నాడు ట్రెంబాత్.

అతను కుర్చీ లోంచి లేచి బల్ల మీదికి వంగాడు. హోల్కమ్ పేరు చివర, చీమ తలంత అక్షరాలతో, రెండు పొడి అక్షరాలు, ఒక తేదీ ఉన్నాయి.

"పదకొండు ఫిబ్రవరి," అని చదివాడు. "అంటే నిన్న."

పైక్ బొటనవేలు పేజీని ఇంకా గట్టిగా అదిమింది.

"అక్టోబరులో జరిగినదానికి పేరు నిన్న రాశారా డాక్టరుగారూ?"

"తప్పు పడింది. దిద్దాను."

"నాలుగు నెలలకు గుర్తొచ్చిందా తప్పు? హెల్మీ ఉత్తరం అందిన తరవాతా?"

హెల్మీకి అప్పుడు వెలిగింది. పద్నాలుగేళ్ళు ఆమె ఆ గదుల్లో గ్లాసులు కడుగుతూ, కడుగుతూ, వాళ్ళు రాయడం చూసింది. వాళ్ళ పుస్తకాల్లో రబ్బరు వాడరు. పేజీ చింపరు. సిరా ఒలకబోసి ముంచరు. తప్పు పడితే దాని మీద ఒకే ఒక గీత కొడతారు. కింద ఉన్నది చదవగలిగేలా సన్నటి గీత. పక్కన సరైన మాట రాసి, పొడి అక్షరాలు పెట్టి, దిద్దిన తేదీ వేస్తారు. కొత్తగా చేరిన కుర్ర డాక్టరు ఒకతను ఒకసారి మాటను నల్లగా కొట్టేస్తే, పైక్ అతన్ని ఆ పూటే బయటికి పంపేశాడు. మనిషిని చంపినా చూసీ చూడనట్టు పోయేవాడు గాని, అంకెను చంపితే ఊరుకునేవాడు కాదు.

అంటే ఆ బొటనవేలి కింద ఇంకో పేరు ఉంది. గీత కొట్టి ఉంది. చదవడానికి వీలుగా ఉంది.

ఆమెకు నవ్వొచ్చింది. చాలా నెలల తరవాత వచ్చిన నవ్వు. బాగాలేని నవ్వు.

"పేరు అబద్ధం రాయగలిగినవాడివి, తేదీ అబద్ధం రాయలేకపోయావా?"

"మీరు" పోయి "నువ్వు" వచ్చిందని పైక్ గమనించినట్టు లేదు. అతనికి తగిలింది వేరే చోట. ఆ ఉడికిన కళ్ళలోకి మొదటిసారి నిజమైన కోపం వచ్చింది.

"తేదీ అబద్ధం రాస్తే ఇక ఆ పుస్తకం దేనికి పనికొస్తుంది? నన్నేమనుకుంటున్నావు నువ్వు?"

"నా తమ్ముణ్ణి చంపినవాడివి అనుకుంటున్నాను."

"అది వేరు."

"వేలు తియ్యి."

పైక్ పుస్తకాన్ని గుండెకు అదుముకోబోయాడు. ట్రెంబాత్ వేగంగా బల్ల చుట్టూ వచ్చి అతని మణికట్టు పట్టుకున్నాడు. దొంగను పట్టుకున్న ఉత్సాహం అతని మొహంలో వెలుగుతోంది. ఇన్ని నెలల కట్టెలూ, ఇన్ని నెలల రొట్టెలూ ఈ ఒక్క క్షణం కోసమే. "తియ్యమంటే తియ్యాలి డాక్టరుగారూ," అంటూ ఆ బొటనవేలిని పైకి విరిచాడు.

వంగి చదివాడు.

హెల్మీ అతని మొహం చూస్తోంది. ఆ వెలుగు ఒకేసారి ఆరిపోలేదు. దీపంలో నూనె అయిపోతున్నట్టు కొద్దికొద్దిగా తగ్గింది. అతని చేయి పైక్ మణికట్టును వదిలేసింది.

"ఎవరు?" అంది.

హెల్మీ పుస్తకం లాక్కుని కిటికీ వెలుతురులో పెట్టుకుంది. సన్నటి గీత. దాని కింద గుండ్రటి అక్షరాలు, ఎండిన ఏట్లో రాళ్ళంత స్పష్టంగా కనిపించాయి.

క్లైడ్ ట్రెంబాత్.

పొయ్యిలో కట్టె ఒకటి విరిగి కిందికి జారింది. పైక్ కుర్చీలో కూలబడ్డాడు, ఆర్వో తలగడ మీదనే.

"నేను వద్దనుకున్నాను," అన్నాడు, ఎవరితోనూ కాకుండా. "మీకు తెలియకుండా ఉండటమే మంచిది. అందరికీ."

హెల్మీ పుస్తకం మూయలేదు. "నీకు తెలుసా, క్లైడ్?"

"తెలీదు."

ఆ మాట త్వరగానే వచ్చింది. ఆ తరువాతి మాటకు చాలాసేపు పట్టింది.

"కొరియా నుంచి వచ్చినప్పటి నుంచీ నాకు సరైన నిద్ర లేదు. మీకు చెప్పానుగా. ఎనిమిదేళ్ళు. అక్టోబరులో పాత సైనికుల హాలులో డాక్టర్ హోల్కమ్ ఏదో వైద్యం చేస్తోందని మావాడొకడు తీసుకెళ్ళాడు. నెత్తికి టోపీ పెట్టింది. కరెంటు వైద్యం అంది. మూడు రోజులు. నాలుగో రోజు పడుకున్నవాణ్ణి మర్నాడు మధ్యాహ్నం లేచాను."

"నవంబరులో నా ఫిర్యాదు తీసుకున్నావు. నిద్ర తీసి ఇంకొకరికి పెడుతున్నారని నేను నీకు ఇదే బల్ల దగ్గర చెప్పాను. హోల్కమ్ పేరు కూడా చెప్పాను."

"చెప్పారు."

"అప్పుడైనా నీకు అనుమానం రాలేదా?"

ట్రెంబాత్ కిటికీవైపు చూశాడు. "వచ్చింది."

"మరి?"

"అడగలేదు. ఎవర్నీ అడగలేదు. నన్ను నేను కూడా." ఆమెవైపు తిరిగాడు. "హెల్మీ, ఎనిమిదేళ్ళు. ఎనిమిదేళ్ళ తరవాత నిద్ర పట్టింది నాకు."

శనివారం కట్టెలు ఎందుకు చీల్చాడో ఇప్పుడు తెలిసింది. నవ్వకుండా కాగితం తీసుకున్నది ఎందుకో కూడా. దయ అనుకున్నది దయ కాదు. అలాగని దయ కాకుండానూ లేదు. అదే ఎక్కువ మండించింది ఆమెను.

"నిద్రలో ఏం కనబడుతుంది నీకు?" అంది.

"ఎందుకు?"

"చెప్పు."

"మామూలే. అందరికీ వచ్చేవే."

"అన్నీ వద్దు. మళ్ళీ మళ్ళీ వచ్చేది చెప్పు."

ట్రెంబాత్ పెదవులు తడుపుకున్నాడు. "గుర్రం. తెల్ల గుర్రం. సరస్సు గడ్డకట్టి ఉంటుంది. నేను మంచు మీద నడుస్తుంటాను. అది మంచు కింద నడుస్తుంటుంది. నేనెక్కడ అడుగు వేస్తే అక్కడ, కింద, దాని అడుగు. బయటికి రమ్మని పిలుస్తాను."

"ఏమని పిలుస్తావు?"

"అర్థం లేని మాట ఏదో. లూమీ అని."

హెల్మీ బల్ల అంచు పట్టుకుంది. తండ్రి కలప లాగించే గుర్రం పేరు లూమీ. అంటే వాళ్ళ భాషలో మంచు. ఆర్వోకు తొమ్మిదేళ్ళప్పుడు, మార్చి నెలలో, అతని కళ్ళ ముందే మంచు విరిగి బండితో సహా మునిగిపోయింది. ఆ తరవాత ఇరవై ఆరేళ్ళు, వారానికి రెండుసార్లు, ఇదే బల్ల దగ్గర కాఫీ చల్లారబెట్టుకుంటూ ఆర్వో అనేవాడు: "అక్కా, రాత్రి లూమీ వచ్చింది. ఇవాళ కూడా పైకి రాలేదు." ఆ కల ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆర్వో కలలు చెప్పుకునే మనిషి కాదు. ఆమెకు తప్ప.

మట్టిలో కలిసిపోయిందనుకున్నది ఈ వంటింట్లో, ఈ మనిషి నోట్లోంచి వచ్చింది.

ఆ సంగతి పైక్‌కూ అందింది. అతనికి మిగతావేవీ పట్టవు గాని, ప్రయోగం ఫలించిందంటే మాత్రం చచ్చినవాడైనా లేచి కూర్చుంటాడు. తలగడ మీది నుంచి ముందుకు వంగాడు.

"కలలు కూడా వచ్చేశాయా? చెక్కు చెదరకుండా? నాలుగు నెలల తరవాత కూడా?" అతని చేయి కలం కోసం జేబు తడుముకుంది. "చూశావా హెల్మీ, అందుకే నేను దాచింది. అంత నిద్ర ఎవరి దగ్గరా లేదు. నీ తమ్ముడిది నిద్ర కాదు, బావి. ఇతను అందులో నాలుగు చేదలు కూడా తోడలేదు. మిగతాదంతా ఉంది. ఆ తలలో. ఇతన్ని ఒక జాడీ అనుకో."

"నన్నే అంటున్నావా జాడీ అని?" అన్నాడు ట్రెంబాత్.

పైక్ అతనివైపు చూడనైనా లేదు. జాడీతో ఎవరు మాట్లాడతారు?

"బుడ్డి నీ దగ్గరుంది. యంత్రం నా దగ్గరుంది. మూడు గంటల పని. తీసింది చెరిసగం చేసుకుందాం. నా సగం నేను నిద్రపోతాను, అంతే నాకు కావలసింది. నీ సగం నీకు దించుతాను. నీ తలలో, హెల్మీ. ఆ గుర్రం నీ కలలోకి వస్తుంది. నీ తమ్ముడు చిన్నప్పుడు చూసిన మీ అమ్మ వస్తుంది. వాడి కళ్ళతో చూసుకుంటావు అన్నీ. చచ్చినవాళ్ళు అంతకంటే ఎక్కువగా ఎవరికీ దొరకరు."

"తీస్తే ఇతనేమవుతాడు?" అంది హెల్మీ.

అడగకుండా ఉండవలసిన ప్రశ్న అది. జవాబు ఆమెకు తెలుసు. గదిలో ముగ్గురికీ తెలుసు. అడిగిందంటే, తూకం వేస్తోందని అర్థం.

"పాలూ నీళ్ళూ కలిసిపోయాయి," అన్నాడు పైక్. "వేరు చెయ్యలేం. తీస్తే రెండూ వచ్చేస్తాయి. తనదీ, వాడిదీ."

"పంతొమ్మిది రోజులు."

"అటూ ఇటూగా. గట్టివాడు, ఇరవై రెండు ఉండొచ్చు." అని, మర్యాదగా కలిపాడు: "నువ్వు ప్రమాణం చేసుకునే ఉంటావు. ఇప్పుడు చెప్పు. ఎవరైనా ఇంత తేలిగ్గా ప్రమాణం నిలబెట్టుకునే అవకాశం ఇస్తారా నీకు? ఊఁ అను చాలు."

హెల్మీ ట్రెంబాత్‌ను చూసింది. రొట్టె పొడి ఇంకా అతని చొక్కా మీద ఉంది. బాగా నిద్రపోయిన మనిషి మొహం. నున్నగా, ఆరోగ్యంగా, కళ్ళ కింద ఒక్క చార లేకుండా. ఆ నునుపంతా ఆర్వోది. పంతొమ్మిదో రోజున ఆర్వో మొహం ఎలా ఉందో ఆమెకు తెలుసు. నోట్లో నీళ్ళు పోస్తే మింగడం మరిచిపోయిన మొహం. "అక్కా, ఒక్కసారి పడుకోనీ," అని అడిగిన మొహం. ఆమె ఒడిలో తల పెట్టుకుని, జోలపాటలన్నీ పాడించుకుని, కళ్ళు తెరుచుకునే పోయాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే, అదే ఊళ్ళో, ఈ మనిషి మధ్యాహ్నం దాకా పడుకున్నాడు.

పట్టుకోవలసినవాణ్ణి ఇన్నాళ్ళూ కూర్చోబెట్టి మేపింది.

"హెల్మీ," అన్నాడు ట్రెంబాత్.

అంతకు మించి ఏమీ అడగలేదు. బతిమాలలేదు, సాకు చెప్పలేదు. నడుముకు తుపాకీ ఉంది. దాని మీద చేయి వెయ్యలేదు. ఆమె మొహం మీద కళ్ళు నిలిపి అలా నిలబడ్డాడు. ఒక్క మాట కోసం చూస్తున్నాడు. "వద్దు" అంటే చాలు. పైక్‌తో అన్నా చాలు, తల అడ్డంగా ఊపినా చాలు.

హెల్మీ నోరు తెరిచింది. వద్దు అనే మాట చిన్నది, నాలుక మీదే ఉంది. దాని వెనకే ఇంకొకటి తోసుకుంటూ వస్తోంది. మంచు కింద తెల్లగా, అడుగులో అడుగు వేసుకుంటూ. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తమ్ముడి నిద్రలో తాను కూడా ఆ మంచు మీద నిలబడి చూస్తే.

ఆమె నోరు మూసుకుంది.

గడియారం కొట్టుకుంటోంది. పైక్ ఊపిరి బిగపట్టాడు. ట్రెంబాత్ ఇంకా ఆగాడు. మామూలు మనిషి ఆగగలిగిన దానికంటే ఎక్కువసేపే ఆగాడు. ఆమె చూపు అతని మొహం మీద నుంచి జారి, బల్ల మీది గాజు బుడ్డి మీద పడింది. అక్కడే ఆగిపోయింది.

అతను కోటు తీసి తొడుక్కున్నాడు. గుండీలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు, ఆఖరిది దాకా. చివరి గుండీకి కూడా ఆమె తల ఎత్తలేదు. బూట్లు వేసుకుని, తలుపు తెరిచి, చలి లోపలికి రాకుండా వెనకాల మెత్తగా మూసి, ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోయాడు.